ఇంటి పొయ్యి – ఒంటి వేడి
(ఉపన్యాస పాఠము)



గ్రంథాలయపు రజతోత్సవ సభలో వంటింటి ముచ్చట యేమిటని కొందరికి తోచవచ్చును. వంటయిల్లు ఆడువారి సామ్రాజ్యమనియు, గ్రంథాలయము పండితుల సామ్రాజ్యమనియు పంచుకొన్నవారు ఆ రెంటిని గూడ సరిగా చూడనివారే. బీరువాలలోని ప్రాచీన కావ్యములను ఒక్కసారి విప్పినచో పొయ్యిమీది కుండ యుడుకు చప్పుడు వినవచ్చును. అందును చలికాలపు కుండ చప్పుడు మరింత యింపుగా వినవచ్చును.

శ్రీకృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వరకు విజయనగరము నేలిన ప్రభువు. ఆయన రచించిన ‘ఆముక్తమాల్యద’ కఠిన కావ్యమని పేరుపడినది. పండితులు సైతము నిఘంటువును ప్రక్కన బెట్టుకొని చదువుదురు. కాని ఆ కావ్యములో విష్ణుచిత్తుడు శ్రీవిల్లిపుత్తూరున తన యింటికి వచ్చిన అతిథులకు భోజనము పెట్టు ఘట్టము మాత్రము ఏ యిల్లాలికైనను సులభముగనే బోధపడును. వానకాలమున నొకవిధమగు విస్తరి, వేసవిలో వేరొకటి, చలికాలమున మరియొకటి. వేసవి విస్తరిలో గోరువెచ్చని అన్నము, పలుచని పులుసులు, చెరకురసము, ఎలనీరు, మజ్జిగ. చలికాలపు విస్తరిలో పరిమళించు బియ్యపన్నము, మిరియపుపొడి పడిన వేడివేడి కూరలు, ముక్కున కెక్కు ఆవపచ్చడి, పాయసము, ఊరగాయలు, చేయి చురుక్కుమనునంత వేడిగల నేయి, సమృద్ధిగా పాలు. యుద్ధముల నడుమ జీవించిన చక్రవర్తికి, ఒక భక్తుని యింట ఏ ఋతువున ఏ గిన్నె పొయ్యి యెక్కునో యింత స్పష్టముగా తెలిసియుండుట ఆశ్చర్యకరము.

ఆ విస్తరిలో మిరపకాయ లేదు. మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి యోడలలో ఈ దేశమునకు వచ్చి, కాలక్రమమున పల్లెపల్లెకు ప్రాకినది. రాయలనాటి తెలుగువారికి చలికాలమున కారమనగా మిరియము, ఆవాలు, అల్లము, శొంఠి. మిర్యాలగూడ పేరు వినినంతనే ఈ సీమవారికి మిరియములు స్ఫురించును గాని, మిరియపు తీగె మలబారు కొండలది. ఇచట పేరు మాత్రమే పండినది. మిరియము వచ్చి కూర్చున్న పీటమీద పిమ్మట మిరప వచ్చి కూర్చున్నది. పీట ఒకటే యైనను రెండింటి గుణము ఒకటి కాదు. ఆ సంగతి ముందు వచ్చును.

‘ఆముక్తమాల్యద’ గోదాదేవి కథ. ఆమె పాడిన తిరుప్పావై పాశురములు ముప్పదియు ధనుర్మాసపు ముప్పది ప్రాతఃకాలములలో వైష్ణవాలయములందు వినబడును. సరిగా ఆ చలివేళనే గుడిలో వేడి పొంగలి పంచుదురు. కట్టెపొంగలి చేయు విధము చూడుడు: బియ్యము, పెసరపప్పు కలిపి మెత్తగా నుడికించి, మిరియములు, జీలకఱ్ఱ, అల్లము నేతిలో వేయించి కలుపుదురు. గింజ యున్నది, పప్పు యున్నది, నేయి యున్నది, ఘాటు యున్నది. ఇరువది యేడవ పాశురమునాడు నేయి మోచేతివరకు కారు పాలన్నపు ముచ్చట వచ్చును. ఆనాటి నైవేద్యము ప్రత్యేకము. భక్తికి భక్తి, ఆకటికి అన్నము. తెల్లవారుజామున చన్నీటి స్నానము చేసి వచ్చిన పిల్లవాని దోసిటిలో ఆకు, ఆకుమీద పొగలు గ్రక్కు పొంగలి పడినప్పుడు వాని ముఖము చూచినవారికి ఋతుచర్యను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు.

ఋతుచర్య యనగా ఏ ఋతువున ఎట్లు మెలగవలెనో, ఏమి తినవలెనో తెల్పు శాస్త్రము. చరకసంహితలో సూత్రస్థానము ఆరవ యధ్యాయమునను, వాగ్భటుని అష్టాంగహృదయములో సూత్రస్థానము మూడవ యధ్యాయమునను ఇది గలదు. మార్గశిర పుష్యములు హేమంతము, మాఘ ఫాల్గుణములు శిశిరము. ఆ ఆచార్యులు చెప్పినదాని సారాంశమిది: వెలుపలి చలికి శరీరపు వేడి బయటకు పోలేక లోపల నిలిచి జఠరాగ్ని బలపడును. బలపడిన అగ్నికి తగిన కట్టె వేయవలెను. వేయనిచో అది ఇంటి దూలములనే కాల్చును, అనగా శరీర ధాతువులనే హరించును. అందుచేత హేమంతమున పాలు, నేయి, నూనె, బెల్లము, క్రొత్తబియ్యము, మినుములు, గోధుమలు, త్రాగుటకు వేడినీరు సేవింపవలెనని విధించిరి. తేలికైన, ఎండిన, చల్లని ఆహారము వలదనిరి. నేటి శరీరశాస్త్రము జఠరాగ్ని యను మాటను వాడదు. కాని చలికి చర్మములోని రక్తనాళములు ముడుచుకొని వేడిని లోపల దాచుననియు, అది చాలనప్పుడు వణకు పుట్టి కండరములు పనిచేసి వేడిని పుట్టించుననియు, ఆ వేడికి మూలధనము తిన్న ఆహారమేననియు చెప్పుచున్నది. రెండు శాస్త్రముల పరిభాష వేరైనను ఇచట లెక్క కుదిరినది.

లెక్క యనగా నిజముగా లెక్కయే వేయవచ్చును. చలికాలపు ఉదయమున గ్లాసెడు వేడి టీ త్రాగినవాడు ‘అబ్బ, ప్రాణము లేచి వచ్చినది’ అనును. ఆ గ్లాసు శరీరమునకు తెచ్చిన జమ యెంత? కిలో నీటిని ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడి చేయుటకు కావలసిన వేడిమి ఒక కిలోక్యాలరీ. గ్లాసు 200 మిల్లీలీటర్లు, అనగా కిలోలో అయిదవవంతు. టీ వేడి 60 డిగ్రీలు, శరీరపు వేడి 37 డిగ్రీలు, భేదము 23. ఇరువది మూడింటిలో అయిదవవంతు 4.6. అంతియే జమ! పెద్ద మనిషికి దినమునకు సుమారు 2000 కిలోక్యాలరీలు కావలెను. బురదలో కష్టపడువారికి ఇంకను ఎక్కువ. ఆ మహాఖర్చు నెదుట ఈ 4.6 చిల్లరపైసలు. రెండు చెంచాల చక్కెర పడినచో మరియొక 40 చేరును.

ఇప్పుడు రెండవ పుట త్రిప్పుడు. 100 గ్రాముల జొన్నపిండిలో 330కి పైగా కిలోక్యాలరీలు గలవు. పెద్ద రొట్టెలు రెండగును. తులము నువ్వులలో, అనగా పదునొకండు గ్రాములకు పైబడిన తూకములో, 60కి పైగా గలవు. ఏలయన నువ్వుగింజ తూకములో ఇంచుమించు సగము నూనెయే. తులము బెల్లములో సుమారు 40. గుప్పెడంత నువ్వులముద్ద ముందు పది గ్లాసుల టీవేడి నిలువలేదు. కనుక ‘వేడి చేయు పదార్థము’ అని పెద్దలన్నది పొగలు గ్రక్కు పదార్థమును గాదు. పొగ గ్లాసులో నుండును, వేడి గింజలో నుండును.

ఇంకొక సూక్ష్మము గలదు. తిన్న ఆహారమును జీర్ణించుకొనుటకు శరీరము కొంత ఖర్చు పెట్టును. ఆ ఖర్చు వేడిగా బయలుపడును. నేయి నూనెలకు ఈ ఖర్చు అత్యల్పము, నూటికి మూడు లోపు. పిండిపదార్థములకు నూటికి అయిదు మొదలు పది. మాంసకృత్తులకు, అనగా పప్పులు, ఉలవలు, గ్రుడ్లు, మాంసము మొదలగువానికి, నూటికి ఇరువది మొదలు ముప్పది. ఉలవచారు త్రాగిన పిమ్మట చెవులు వేడెక్కినవని పల్లెవారనుట వట్టి భ్రమ కాదని దీనివలన తోచుచున్నది. ఉలవలలో నూటికి ఇరువది పాళ్లకు మించి మాంసకృత్తులే గదా!

మిరపకాయ వలని వేడి యట్టిది కాదు. అది నాలుకకు కలుగు భ్రాంతి. నిప్పు తగిలినప్పుడు మేల్కొను నాడీద్వారమునే మిరపలోని ఘాటు కూడ మేల్కొల్పును. నాడి కాలెనని కేక వేయును, శరీరము చెమట పట్టించును, చెమట ఆరి ఒళ్లు చల్లబడును. ఈ ద్వారమును కనుగొన్నందులకే డేవిడ్ జూలియస్ అను శాస్త్రజ్ఞునికి 2021లో నోబెల్ బహుమతిలో భాగము లభించినది. ఎండలు మండు దేశములవారు కారమెక్కువ తినుటలోని మర్మమిదియేనని కొందరందురు. ఏమైనను, కారము కూరకు అలంకారమే గాని చలికి కంబళి కాదు.

ఇక ఈ సీమ సంగతి. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న పండిత నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడిచిరి. లాల్ బహదూర్ పేరిట నున్న ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల మెట్టభూములను తరి భూములుగా మార్చినది. గరిడేపల్లి ఆ ఆయకట్టులోనిదే. అంతకు ముందు చెరువుల క్రిందను, బావుల క్రిందను తాబి వరి కొలదిగా నుండెడిది. మిగిలిన ఖుష్కి భూములలో జొన్న, సజ్జ, కంది, ఉలవ, ఆముదము. సామాన్యుని కంచములో నిత్యము జొన్న. వరియన్నము పండుగకు, చుట్టము వచ్చినప్పుడు, జ్వరపడి లేచినప్పుడు.

కృష్ణకు ఆవలి గట్టున నున్న పల్నాటిసీమలో సన్నబియ్యపన్నము దొరకక జొన్నకూడు తినవలసి వచ్చెనని శ్రీనాథకవి విసుగుకొన్నట్లు చాటువులు ప్రచారములో నున్నవి. కనకాభిషేకము పొందిన కవికి జొన్న రుచింపకపోవుట వింత గాదు. కాని పుష్యమాసపు వేకువను, పెనము మీదినుండి నిప్పులమీదికి, నిప్పులమీదినుండి విస్తరిలోనికి వచ్చిన రొట్టెమీద వెన్న కరుగుచుండగా ఆయన కెవరైన వడ్డించియుండినచో చాటువు మరొక విధముగా నుండెడిదేమో! ఆరువందల యేండ్లకు పిమ్మట, కృష్ణకు ఈవలి గట్టుననే, 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో చౌకదుకాణముల ద్వారా సన్నబియ్యమిచ్చు పథకము ప్రారంభమైనది. శ్రీనాథుని మొర అట్లు తీరినది.

కాలువను నిందించుట కృతఘ్నత. కరవు కాలములో గంజికి నోచని యిండ్లు నేడు గాదెలు నింపుచున్నవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిమ్మట పేదవాని కుండలో కూడ వరియన్నము నిత్యమైనది. అది చిన్న విషయము కాదు. కాని కాలువ వచ్చుటతో చలికాలమున రెండు మార్పులు ఒక్కసారే జరిగినవి, రెండింటిని కలిపి చూచినవారు తక్కువ. మొదటిది, చలికి పనికివచ్చు గింజలు పొలమునుండి తొలగినవి. రెండవది, చలిలో నీటిలో నిలుచు పని పెరిగినది. జొన్నచేనుకు పుష్యమాసమున కావలి యుండవలెను. ఎండ పొద్దుకు మంచె యెక్కి వడిసెల త్రిప్పిన చాలును. యాసంగి వరికో, డిసెంబరు జనవరి నెలలలో, మంచు విడువకముందే మడిలో దిగి మోకాలిలోతు చల్లని బురదలో వంగి నాటు వేయవలెను. నీరు గాలికంటె అనేక రెట్లు వేగముగా ఒంటి వేడిని లాగికొనును. జమ తగ్గినచోట ఖర్చు పెరిగినది. లెక్క తెలిసిన వాడెవడును ఇట్టి ఖాతాను మెచ్చడు.

నాటుకు పోవు స్త్రీ దినచర్య గమనింపదగినది. చీకటితో లేచి వాకిలి చల్లి, పిల్లలకు అన్నము వండి పెట్టి, సద్ది కట్టుకొని, తాను మాత్రము గ్లాసెడు టీ త్రాగి ఆటో యెక్కును. రాత్రి యేడెనిమిది గంటలకు తిన్న తెల్లని అన్నము ఏనాడో కరగిపోయినది. మరల అన్నము నోటికి పోవునది ప్రొద్దెక్కిన తరువాత, గట్టుమీద, చల్లారిన సద్ది రూపమున. నడుమ ఆమె శరీరము పండ్రెండు గంటలకు మించి 4.6 జమతోను, రెండు చెంచాల చక్కెరతోను నడచినది. వణకు, నడుము నొప్పి, కన్ను తిరుగుట, జలుబు విడువకుండుట, వీనికి బిళ్లలు కొనుచున్నారు. బిళ్లకు ముందు పరిశీలింపవలసినది ఆమె వేకువ కంచము. ఇంటిల్లిపాదికి వండిన చేయి తన కంచమును కడపట తలచుట ఈ దేశపు పాత రోగము; చలికాలమున అది ముదురును.

ఆమెకు ఏమి పెట్టవచ్చును? గొప్ప సామగ్రి యక్కరలేదు. జొన్నరవ్వ గట్క యొకటి. రాత్రియే రవ్వ నానవేసి యుంచినచో వేకువను త్వరగా నుడుకును. వేడిగట్కలో పప్పుచారో, మజ్జిగయో పోసికొని త్రాగినట్లే తినవచ్చును. వేసవిలో చల్లబరచి మజ్జిగతో త్రాగు అంబలియే చలికాలమున వేడిగా మారి వేరొక ఆహారమగును. గింజ ఒకటే, ఋతువు దానికి రెండు పేర్లు పెట్టినది. రొట్టె చేయుటకు కొంత నేర్పు కావలెను. జొన్నపిండికి గోధుమకున్న జిగురు లేదు; అందుచే మరిగిన నీరు పోసి కలిపినగాని ముద్ద నిలువదు. వేడికి పిండిలో కొంత భాగము ఉడికి బంక పట్టును. చేతితో తట్టి, పెనమున వేసి, పైన తడిగుడ్డతో అద్ది, త్రిప్పి, కడపట నిప్పులమీద పొంగించుట. గ్యాసుపొయ్యిమీదను ఇది సాధ్యమే. నిప్పుల రుచి మాత్రము రాదు. సజ్జరొట్టెమీద నువ్వులు అద్ది కాల్చుటయు గలదు. సజ్జలో బియ్యము కంటె క్రొవ్వు ఎక్కువ, ఇనుము ఎక్కువ. రక్తహీనతగల స్త్రీలకు కోరి పెట్టదగినది. వేడి సజ్జరొట్టెను బెల్లముతో, నేతితో నలిపిన మలీద ముద్దలు బతుకమ్మ పండుగకే పరిమితము కానక్కరలేదు.

నువ్వులముద్ద మరియొకటి. నువ్వులను చిటపటలాడువరకు వేయించి, చల్లారిన పిదప బెల్లముతో కలిపి రోట దంచవలెను. నీరు చుక్క యక్కరలేదు. దంపుడుకు గింజనుండి వచ్చు నూనెయే ముద్దను కట్టును. రెండు ముద్దలు కొంగున కట్టుకొని పోయినచో మడిలో నిలుచున్నప్పుడును తినవచ్చును. సంక్రాంతినాడు నువ్వులు పంచుకొనుట ఏదో పురాణకారణమున పుట్టినదని చెప్పుదురు. ఏ కారణమున పుట్టినను, సంవత్సరములో చలి మిక్కుటమగు వారమున నూనెగింజను ఇంటింటికి చేర్చు ఉపాయము అంతకంటె మంచిది దొరకదు. సకినాలలో క్రొత్తబియ్యపు పిండితో నువ్వులు, వాము చేరుటయు ఇట్టిదే.

ఉలవచారు చరిత్ర కొంచెము దీర్ఘము. పూర్వము ఎద్దులున్న ప్రతి యింట ఉలవలు ఉడికెడివి. ఉడికిన గింజలు ఎడ్లకు, వార్చిన కట్టు మనుష్యులకు. దుక్కికి పోవు ఎద్దునకు బలమునిచ్చిన కుండయే ఇంటివారికి చారు నిచ్చెడిది. పొయ్యి ఒకటే, కట్టె ఒకటే. ట్రాక్టరు వచ్చినది, ఎద్దు పోయినది, ఎద్దుతోపాటు ఉలవకుండయు పోయినది. నేడు ఉలవచారు పట్టణపు హోటళ్లలో, పెండ్లి విందులలో, మీగడతో వడ్డించు గొప్ప వంటకము. పల్లెలో పుట్టి పల్లెను విడిచి పట్టణమున పేరు సంపాదించిన వారివలె అదియు చుట్టపుచూపుగా వచ్చుచున్నది. ఇంట చేయదలచినచో ఉలవలు రాత్రియంతయు నానవేసి, మరునాడు సమృద్ధిగా నీరు పోసి మెత్తబడునంతవరకు ఉడికించి, కట్టు వంచి, చింతపండు పులుసు చేర్చి, సన్నని మంటమీద చిక్కబడువరకు కాగనిచ్చి పోపు పెట్టవలెను. ఎద్దులు లేవు గనుక గింజలను పారవేయకుడు. ఉల్లిగడ్డతో గుగ్గిళ్లు చేసిన పిల్లలు తిందురు.

పానీయములలో శొంఠి ముఖ్యమైనది. పచ్చి అల్లము ఎండి శొంఠియగునప్పుడు దాని ఘాటులో మార్పు జరిగి మరింత తీక్ష్ణమగునని రసాయన శాస్త్రము నిర్ణయించినది. బాలింతకు అల్లము గాక శొంఠి యిచ్చిన పెద్దలకు ఆ శాస్త్రము తెలియకున్నను భేదము తెలిసినది. శొంఠి, మిరియము, పిప్పలి, ఈ మూటికి త్రికటుకమని వైద్యశాస్త్రపు పేరు. ఇంటి కషాయమునకు శొంఠి ముక్క, నాలుగు మిరియములు, చెంచాడు ధనియములు నలుగగొట్టి, రెండు గ్లాసుల నీరు ఒక గ్లాసగువరకు కాచి, బెల్లము చేర్చిన చాలును. పాలు పోయదలచినవారు ముందు కుండ దింపి, మరుగు తగ్గిన పిదప బెల్లము కలుపవలెను. మరుగుచుండగా కలిపిన పాలు విరుగును. ఈ పానీయపు వేడి స్వల్పమని ముందే లెక్క తేలినది గదా యని అడుగవచ్చును. నిజమే. కాని గొంతు సడలును, ముక్కు విడును, చలికి నీరు త్రాగ మరచినవాడు ఈ నెపమున నీరు త్రాగును. చిల్లర జమయైనను జమయే. అయితే శొంఠి కషాయము ఊపిరితిత్తుల వాపును మాన్పదు. జ్వరముతో ఎగశ్వాస పెట్టు బిడ్డనో ముసలివానినో కషాయముతో ఇంట నుంచుట ప్రమాదము, ఆసుపత్రికి కొనిపోవలెను.

పాతదంతయు మంచిదను వాదమునకు గూడ కళ్లెము వేయవలెను. జొన్న తప్ప వేరేమియు నోచని దక్కను పేదలలో పెల్లాగ్రా యను చర్మవ్యాధి కనబడుటను హైదరాబాదులోని పోషకాహార పరిశోధకులు గమనించిరి, డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరుడు శ్రీకాంతయ్య 1960లో దీనిని గూర్చి వ్రాసిరి. దోషము జొన్నది మాత్రమే కాదు, జొన్నకు తోడు లేమిది. పప్పు, పాలు, ఆకుకూర చేరిన జొన్న వేరు, ఉప్పు మిరపకాయతో మ్రింగిన జొన్న వేరు. మధుమేహము గలవారికి బెల్లము మందని ప్రచారము చేయువారున్నారు. శక్తిలోను, రక్తములో చేయు పనిలోను బెల్లము చక్కెరకు అన్నదమ్ముడే. ఏడాది నిండని పసివారికి దగ్గు తగ్గునని తేనె నాకించుట కూడదు. తేనెలోని ఒకవిధమగు సూక్ష్మజీవి వారి పేగులలో విషము పుట్టింపగలదు. కల్లుసారాల వేడి అన్నింటికంటె పెద్ద మోసము. చర్మపు రక్తనాళములు విచ్చుకొని ముఖము వెచ్చబడును, ఆ దారిననే లోని వేడి బయటకు పోవును. అప్పు తెచ్చి జమ వ్రాసికొన్నట్లు. త్రాగి మంచులో పడుకొన్నవాడు తెల్లవారి లేవకపోవుటకు కారణమదియే.

వృద్ధుల విషయము వేరుగ చెప్పవలసి యున్నది. వేడిని పుట్టించు కొలిమి కండరము. వయస్సుతో కండరము సన్నగిల్లును. దాహము తెలియదు, ఆకలి మందగించును, పండ్లు లేవు. డిసెంబరు రాత్రి ఇచట ఇంచుమించు పదమూడు గంటలు. ప్రొద్దుగూకక ముందే ఇంత తిని పడుకొన్న వృద్ధురాలికి మరునాటి టీ వరకు శరీరములో నిప్పు వేయువారు లేరు. పడకకు ముందు గ్లాసెడు వేడిపాలో, జావయో యిచ్చిన ఆ రాత్రి సగమగును. రొట్టె నమలలేనివారికి వేడి ఉలవచారులో, పాలలో నానవేసి మెత్తచేసి పెట్టవచ్చును. బిడ్డలు హైదరాబాదునకో, సముద్రముల కావలికో పోయిన యిండ్లలో ఒంటిగా నున్న తల్లి తనకొక్కతెకు ఉలవలు నానవేయదు, రోలు కడుగదు. చారునీళ్లతో పొద్దు పుచ్చును. పూర్వము ఒక యింటి చారు గిన్నెలో పోసి, మూత పెట్టి, గోడమీదుగా ప్రక్కయింటి కందించెడివారు. గోడలు ఎత్తుగా కట్టుకొన్న పిమ్మట గిన్నె దారి మూసికొన్నది. వీధి చుట్టి పోయినను గిన్నె చేరును.

ఈ పనులన్నియు ఇల్లాలి నెత్తిన మరియొక మూటగా పెట్టుట న్యాయము కాదు. నలుడు, భీముడు పాకశాస్త్రమునకు పేరుగన్నవారు, ఇరువురును పురుషులే. నువ్వులు దంచుటకును, రాత్రి ఉలవలు నానవేయుటకును, వేకువను గట్క కలియబెట్టుటకును మీసము అడ్డు రాదు.

గింజ యెచట దొరకునని అడుగువారికి ఒకటి రెండు మాటలు. మండలములోని గడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రము గలదు. నీరు తక్కువైన చెలకలలో, ఎకరములో ఒక మూలనైనను జొన్నయో సజ్జయో వేయదలచిన రైతు అచట సలహా యడుగవచ్చును. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన పిమ్మట అంగళ్లలో పొట్లముల పిండి విరివిగా వచ్చినది, ధర మాత్రము సన్నబియ్యమును మించినది. పిండికంటె గింజ కొని గిరినిలో పట్టించుట మేలు. పొట్లము మీద తేదీ యుండును గాని, పిండి చెడుట తేదీ చూచి జరుగదు. సజ్జలో క్రొవ్వు ఎక్కువ గనుక పిండి త్వరగా చేదెక్కును; వారమునకు సరిపోవునంత మాత్రమే పట్టించుకొనవలెను. జొన్నపిండి మరికొంత నిలుచును. ఉలవలు ఎండబెట్టి వేపాకుతో కలిపి కుండలో పోసిన సంక్రాంతినుండి మరుసంక్రాంతి వరకు నుండును. శొంఠిని మాత్రము తేమ తగులని సీసాలో నుంచవలెను. పురుగుకు దాని ఘాటు లెక్కలేదు.